చినుకు దెబ్బలో ఎంత కరెంటు ఉంది? కొరాపుట్ కొండల నుంచి ఒక లెక్క

రాయగడలోనో గుణుపురంలోనో ఆషాఢం ముసురు పట్టిందంటే రెండు సంగతులు ఒకేసారి జరుగుతాయి. రేకుల కప్పు మీద వాన దబదబా మోగుతుంది, ఇంట్లో కరెంటు పోతుంది. డాబా మీద సోలార్ పలకలు పెట్టించుకున్నవాళ్లకు కూడా ఆ నాలుగైదు రోజులు మీటరు నీరసంగానే తిరుగుతుంది. సాయంత్రానికి ఇన్వర్టర్ కుయ్‌కుయ్‌మనడం మొదలుపెడుతుంది. పైన అంత హోరు పెడుతున్న వానలోంచే కాస్త కరెంటు తీసుకోలేమా అన్న ఆలోచన ఆ చీకట్లో కూర్చున్న ఎవరికైనా వస్తుంది. పైగా 'ఒక్క చినుకుతో వంద బల్బులు' అంటూ ఫోన్లలో తిరిగే వీడియోలు ఆ ఆశకు ఇంకొంచెం గాలి పోస్తాయి.

ఆ వీడియోల వెనక అబద్ధమేమీ లేదు, నిజమైన ప్రయోగమే ఉంది. కానీ ఆ ప్రయోగం చెప్పిందొకటి, జనం విన్నది ఇంకొకటి. వానలో నిజంగా ఎంత శక్తి ఉంది, అందులో ఎంత మన చేతికి వస్తుంది, మిగిలింది ఎక్కడికి పోతుంది అన్న మూడు ప్రశ్నలకు కాగితం, పెన్ను పట్టుకుని లెక్క వేస్తే వచ్చే జవాబు, ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఉండే తెలుగువాళ్లకు మిగతావాళ్లకంటే ఎక్కువ పనికొస్తుంది. ఎందుకంటే ఇది కొండల నేల.

ముందు ఆ వంద బల్బుల సంగతి. 2020లో హాంకాంగ్ సిటీ యూనివర్సిటీలో వాంగ్ జువాన్‌కాయ్ బృందం చేసిన పని 'నేచర్' పత్రికలో అచ్చయింది. 100 మైక్రోలీటర్ల నీటి బొట్టును, అంటే లీటరులో పదివేలవ వంతును, 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఒక పలక మీద వదిలారు. 140 వోల్టులకు పైగా పుట్టింది, వంద చిన్న ఎల్‌ఈడీలు ఒక్కసారి తళుక్కుమన్నాయి. ఇవి మన ఇంట్లో హోల్డర్‌కు తగిలించే బల్బులు కావు. టీవీ కింద ఎర్రగా వెలిగే చుక్క లాంటివి. అవి కూడా వెలుగుతూ నిలబడలేదు, మెరిసి ఆరిపోయాయి.

అయినా ఆ పలక చేసే పని ముచ్చటైనదే, దగ్గరగా చూడాల్సిందే. కింద గాజు. దాని మీద కంటికి కనపడని, కరెంటు పారే పూత. ఆ పైన పల్చటి టెఫ్లాన్ పొర, అట్లు అంటుకోకుండా పెనాలకు వేస్తారే, అదే పదార్థం. ఒక అంచున చిన్న అల్యూమినియం ముక్క. దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరొచ్చి అంటుకోవడం చిన్నప్పుడు అందరూ చూసిందే. టెఫ్లాన్ మీద నీటిబొట్లు పడగా పడగా అలాంటి విద్యుదావేశమే (ఛార్జ్) ఆ పొరలో పేరుకుంటుంది, పేరుకున్నది తొందరగా పోదు. ఇప్పుడు ఇంకో బొట్టు పడిందనుకుందాం. పెనం మీద గరిటెడు పిండి పోసినట్టు అది పడీపడగానే పల్చగా పరుచుకుంటుంది. పరుచుకుంటూ పోయి దాని అంచు అల్యూమినియం ముక్కను తాకిన క్షణంలో సర్క్యూట్ పూర్తవుతుంది, పేరుకున్న ఆవేశం ఒక్క ఉదుటున తీగలోంచి పరిగెడుతుంది. మరుక్షణంలో బొట్టు మళ్లీ ముడుచుకుని జారిపోతుంది, పారిన ఆవేశం వెనక్కి వస్తుంది. అంతా కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది. అంటే బొట్టు ఇక్కడ స్విచ్ పని కూడా చేస్తోంది. అంతకుముందు పరికరాల్లో ఆవేశం బొట్టుబొట్టుకూ కారినట్టు వచ్చేది, ఇక్కడ తలుపు తీసినట్టు ఒక్కసారిగా వస్తుంది. పరిశోధన గొప్పదనమంతా ఆ చిన్న అల్యూమినియం ముక్కను అక్కడ పెట్టడంలో ఉంది.

ఈ పరికరం చదరపు మీటరుకు 50 వాట్ల పైన ఇస్తుందని అప్పట్లో వార్తలన్నీ రాశాయి. తికమక మొదలైంది అక్కడే. ఆ 50 వాట్లు బొట్టు తగిలిన ఆ ఒక్క క్షణానివి. వాట్లు వేరు, యూనిట్లు వేరు. దీపావళి టపాకాయ పేలిన క్షణంలో వెలుగు బ్రహ్మాండంగానే ఉంటుంది, కానీ దాంతో అన్నం ఉడకదు. కరెంటు బిల్లులో కట్టేది యూనిట్లకు, అంటే ఎంత జోరుగా అన్నదానికి కాదు, మొత్తం మీద ఎంత అన్నదానికి. బొట్టులో ఉన్న శక్తిలో ఆ పరికరం కరెంటుగా మార్చగలిగింది నూటికి రెండు పాళ్లు చిల్లర, కచ్చితంగా చెప్పాలంటే 2.2 శాతం.

ఇలాంటి ప్రయత్నం ఇదే మొదటిది కాదు. 2008లోనే ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు, వంగినప్పుడల్లా కరెంటు పుట్టించే పల్చటి ప్లాస్టిక్ రేకు మీద చినుకులు పడేసి చూశారు. 2018లో చైనాలోని సూచో యూనివర్సిటీవాళ్లు సోలార్ పలక మీదే పారదర్శకమైన పొర వేసి, ఎండకు ఎండ కరెంటు, వానకు వాన కరెంటు ఇచ్చే పలక చేశారు. 2025లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో దారి పట్టారు. 32 సెంటీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల బెజ్జం ఉన్న గొట్టాన్ని నిలువుగా పెట్టి, పైనుంచి నీటి బొట్లు వదిలారు. బొట్టుకూ బొట్టుకూ మధ్య గాలి బుడగ చిక్కుకుని, నీరు ముక్కలు ముక్కలుగా గొట్టంలో జారింది. ఆ పద్ధతిలో శక్తిలో పది శాతానికి పైగా కరెంటుగా మారింది, 12 ఎల్‌ఈడీలు 20 సెకన్ల పాటు వెలిగాయి. రెండు శాతం నుంచి పది శాతానికి రావడం చిన్న విషయం కాదు.

ఇప్పుడు అసలు లెక్క. కొరాపుట్ ప్రాంతంలో ఏడాదికి రమారమి 1,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు. కాబట్టి చదరపు మీటరు మీద ఏడాదికి 1,500 లీటర్లు, ఒకటిన్నర టన్ను నీళ్లు పడతాయి. వినడానికి చాలా ఉంది. చినుకు ఎంత వేగంతో దిగుతుంది? 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు ఆరున్నర మీటర్ల వేగంతో, అంటే సైకిలు జోరుగా తొక్కినంత వేగంతో వస్తుంది. 5 మిల్లీమీటర్ల పెద్ద చినుకు 9 మీటర్ల వేగంతో వస్తుంది. కొంచెం ఉదారంగానే సగటు 7 మీటర్లు అనుకుందాం. అప్పుడు ఏడాది వాన అంతా కలిసి చదరపు మీటరు మీద కొట్టే దెబ్బలో ఉన్న శక్తి 37 వేల జౌళ్లకు కాస్త తక్కువ (జౌలు అంటే శక్తికి కొలత). ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. అంటే యూనిట్‌లో నూరో వంతు. 9 వాట్ల బల్బు గంట పైచిలుకు వెలగడానికి సరిపోతుంది. ఒక రాత్రికి కాదు, ఒక సంవత్సరానికి.

డాబా మొత్తం తీసుకుందాం. 100 చదరపు మీటర్ల పైకప్పు, సుమారు వెయ్యి చదరపు అడుగులు. మృగశిర నుంచి స్వాతి దాకా పడిన ప్రతి చినుకునూ ఒక్కటి కూడా పోనివ్వకుండా పట్టుకుని, అందులో శక్తినంతా నూటికి నూరుపాళ్లు కరెంటుగా మార్చినా చేతికొచ్చేది ఒక్క యూనిట్. హాంకాంగ్ పరికరం లెక్కన 2.2 శాతమే వస్తుంది కనుక, స్మార్ట్‌ఫోన్ ఒకటీ ఒకటిన్నర సార్లు ఛార్జ్ అవుతుంది. ఏడాది మొత్తానికి. అదే డాబా మీద ఒకే ఒక్క చదరపు మీటరు సోలార్ పలక ఏడాదికి 250 యూనిట్ల దాకా ఇస్తుంది, ముసురు రోజులన్నీ కలుపుకునే. ఈ రెండు అంకెల మధ్య దూరం ఏ కొత్త పదార్థంతోనూ పూడేది కాదు. పరికరం ఎంత మెరుగైనా చినుకు దెబ్బలో ఉన్నదే అంత. లేనిదాన్ని ఎవరూ తీయలేరు.

ఈ లెక్కలో ఇంకో చిక్కు ఉంది. తెలుగులో వానకు ఎన్ని పేర్లు ఉన్నాయో చినుకులో శక్తికి అన్ని మెట్లు ఉన్నాయి. తుంపరలో చినుకు అర మిల్లీమీటరే, సెకనుకు 2 మీటర్ల వేగంతో దిగుతుంది. జడివానలో 5 మిల్లీమీటర్ల చినుకు దానికి పదింతలు వెడల్పు కాబట్టి వెయ్యింతలు బరువు, వేగం నాలుగున్నర రెట్లు. శక్తి లెక్కలో వేగాన్ని వేగంతోనే హెచ్చవేయాలి గనక, ఒక్క జడివాన చినుకు 20 వేల తుంపర చినుకులతో సమానం. సోలార్ బొత్తిగా పనిచేయని రోజులు ఏవి? మబ్బు వదలకుండా రోజుల తరబడి సన్నగా కురిసే ముసురు రోజులు. సరిగ్గా ఆ రోజుల్లోనే చినుకులో శక్తి దాదాపు ఉండదు. జడివాన గంటసేపు కురిసి వెలుస్తుంది, వెంటనే ఎండ కూడా వస్తుంది. అంటే సోలార్‌కు తోడుగా ఉంటుందనుకున్న చినుకు కరెంటు అవసరమైన వేళకే మొండిచెయ్యి చూపిస్తుంది. వాన రాకడ ప్రాణపోకడ అని ఊరికే అనలేదు, రాకడే కాదు దాని తీరు కూడా చేతిలో ఉండదు.

ఇంత చెప్పాక ఈ పరికరాలు దండగ అనుకోవడం కూడా పొరపాటే. ఇంటికి చాలని కరెంటు ఒక చిన్న యంత్రానికి చాలుతుంది. వానలోంచే కరెంటు తీసుకుని వాననే కొలిచి, కొండ దిగువ ఊరికి రేడియోలో కబురు పంపే వానమాపకాన్ని ఊహించుకోండి. అలాంటి యంత్రం రోజంతా నిద్రపోయి కొన్ని సెకన్లు మేలుకుంటుంది, దానికి కావాల్సింది చిటికెడు శక్తి. పైగా బ్యాటరీ అయిపోయిందా అని కొండెక్కి చూసే పని తప్పుతుంది, వాన పడినప్పుడే కదా దానికి పని. ఈ జిల్లాల్లో అలాంటి కబురు విలువ ఎంతో 2017 జులైలో రాయగడ చూసింది. ఆకస్మిక వరద వచ్చి తేరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెన కొట్టుకుపోయింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా కొండల్లోకి వచ్చింది, బారఘర దగ్గర కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. గెడ్డ (కొండవాగు) ఎగువన ఎంత వాన పడిందో దిగువన ఉన్నవాళ్లకు అరగంట ముందు తెలిసినా అది చాలా పెద్ద సంగతి. చినుకు పరికరాలకు తగిన చోటు ఇదే అనిపిస్తుంది, డాబా కాదు.

ఇక మూడో ప్రశ్న. మేఘంలో ఉన్న శక్తి ఎటు పోయింది?

రెండు కిలోమీటర్ల ఎత్తున మబ్బులో ఉన్న లీటరు నీటికి ఆ ఎత్తు వల్ల 19,600 జౌళ్ల శక్తి ఉంటుంది. నేలను తాకేటప్పుడు ఆ లీటరు చేతిలో మిగిలింది 24 జౌళ్లు. ఎనిమిది వందల వంతుల్లో ఒక వంతు. మిగతాదంతా దారిలో గాలి తినేసింది. గాలే లేకపోతే చినుకు గంటకు 700 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలేది, ఆకు మిగలదు, పంట మిగలదు. కాబట్టి గాలి చేసిన మేలే అది. కానీ కరెంటు లెక్కలో మాత్రం ఆకాశంలోనే దాదాపు అంతా కరిగిపోయింది.

అయితే గాలి తినలేనిది ఒకటుంది. చినుకు ఎక్కడ ఆగిందో ఆ ఎత్తు. బరంపురం లాంటి తీరపు ఊళ్లో పడిన చినుకు సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉంటుంది, దాని కథ అక్కడితో సరి. కొరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ పడిన లీటరు నీటి దగ్గర ఇంకా 8,500 జౌళ్లు ఉన్నాయి. రేకు మీద టప్‌మన్న దెబ్బలో ఉన్న 24 జౌళ్లకు ఇది మూడువందల యాభై రెట్లు. చప్పుడు చేసేది ఆ కొంచెమే, చప్పుడు లేకుండా ఉన్నదే ఎక్కువ. ఆ నీరు కొండ దిగుతున్నప్పుడు పట్టుకోగలిగితే అదే వాన కరెంటు.

ఆ పని ఇక్కడ ఎప్పుడో మొదలైంది. డుడుమ జలపాతం దగ్గర మాచ్‌ఖండ్ పవర్‌హౌస్ 1955లో పని మొదలుపెట్టింది. ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి ప్రాజెక్టు, సామర్థ్యం 120 మెగావాట్లు. మాడుగుల కొండల్లో, చుట్టుపక్కల ఏజెన్సీలో పడిన వాన జలాపుట్ జలాశయంలో నిలిచి, 150 మీటర్లకు పైగా లోతున్న లోయలోకి దూకే చోట గొట్టాల్లోంచి టర్బైన్ల మీద పడుతుంది. అదే నది దిగువన సీలేరు అవుతుంది, బలిమెల దగ్గర మళ్లీ ఆగుతుంది. అక్కడి నీళ్లు రెండు రాష్ట్రాలకూ సగం సగం. ఒడిశా వాటా బలిమెల పవర్‌హౌస్‌లో 510 మెగావాట్ల యంత్రాలను తిప్పి పొట్టేరు వైపు పొలాలకు పోతుంది, ఆంధ్ర వాటా దిగువ సీలేరులో 460 మెగావాట్ల యంత్రాలను తిప్పుతుంది. జయపురం ఎగువన ఎగువ కొలాబ్ 320 మెగావాట్లు, కలహండిలో ఎగువ ఇంద్రావతి 600 మెగావాట్లు. ఇవన్నీ వాన కరెంటే. జలవిద్యుత్తు అని పెద్ద పేరు పెట్టేసరికి, అది రేకు మీద మోగిన వానేనన్న సంగతి మనకు గుర్తుండదు.

ఒక సులువైన లెక్క గుర్తుపెట్టుకోవచ్చు. ఒక ఘనపు మీటరు నీరు, అంటే వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు నిండా ఉన్న నీరు, 367 మీటర్లు కిందికి దిగితే ఒక యూనిట్ శక్తి. యంత్రాల్లో పోయేది పోగా అందులో ముప్పాతిక పైన చేతికొస్తుంది. డాబా మీద ఏడాదంతా పట్టిన చినుకు దెబ్బల ఫలం కొండ మీద నుంచి దిగే ఒకటిన్నర ట్యాంకు నీళ్లలో ఉంది.

కానీ ఈ కరెంటుకు కట్టిన ధరను కూడా ఈ జిల్లాలే కట్టాయి. బలిమెల జలాశయం నిండాక మల్కన్‌గిరి జిల్లాలో 151 ఊళ్లు నీళ్లకు అవతల ఉండిపోయాయి. వాటికి వచ్చిన పేరే 'కట్ ఆఫ్ ఏరియా'. నాలుగు దశాబ్దాలకు పైగా ఆ ఊళ్లవాళ్లకు చిత్రకొండ రావాలంటే లాంచీయో పడవో దిక్కు. పురిటినొప్పులు వచ్చినా అంతే, పాము కరిచినా అంతే. 2018 జులై 26న 910 మీటర్ల పొడవైన గురుప్రియ వంతెన తెరిచాకే బస్సు అటు వెళ్లగలిగింది. వాన కరెంటు శుభ్రమైనదే, పొగ రాదు, బొగ్గు మండదు. కానీ ఎవరి లోయ మునిగింది, ఎవరి ఇంటికి తీగ వెళ్లింది అన్న ప్రశ్న అడగకుండా ఆ శుభ్రత గురించి మాట్లాడటం అన్యాయం. ఇప్పుడు ఇవే జలాశయాల దగ్గర, పగలు సోలార్ కరెంటుతో నీటిని పైకి తోడి రాత్రి కిందికి వదిలే పంప్డ్ స్టోరేజీ పథకాలు వస్తున్నాయి. ఉన్న జలాశయాలనే వాడుకునేవి ఒక రకం, కొత్తగా కొండల మీద చెరువులు కట్టేవి ఇంకో రకం. ఆ రెంటినీ ఒకే గాటన కట్టకుండా చూడాలి.

పెద్ద ఆనకట్టకూ డాబా మీద టెఫ్లాన్ పలకకూ మధ్యలో ఇంకో దారి ఉంది. దాని మీద ఇంకా ఎక్కువ చర్చ జరగాలి. అది గెడ్డ కరెంటు. కొరాపుట్, రాయగడ, గజపతి కొండల్లో ప్రతి మడతలోనూ ఒక గెడ్డ దిగుతుంది. వాన వెలిశాక కూడా నెలల తరబడి కొండ తన కడుపులో దాచుకున్న నీటిని కొంచెం కొంచెంగా వదులుతూనే ఉంటుంది. ఈ జిల్లాలకు ప్రకృతి ఇచ్చిన జలాశయం ఆ కొండే, దానికి ఊళ్లు మునగక్కర్లేదు. గెడ్డకు అడ్డంగా మోకాలెత్తు గోడ కట్టి, పక్కకు చిన్న కాలవ తీసి, ఆకూ అలమూ ఇసుకా తేరుకోవడానికి ఒక తొట్టిలోకి వదిలి, అక్కడి నుంచి గొట్టంలో కిందికి దింపి చిన్న టర్బైన్ మీద పడేస్తే చాలు. తిరిగిన నీళ్లు మళ్లీ గెడ్డలోనే కలుస్తాయి. కింద పొలానికి ఒక్క చుక్క తగ్గదు.

సెకనుకు 20 లీటర్లు పారే గెడ్డ, 30 మీటర్ల దిగుడు ఉందనుకుందాం. లెక్క ప్రకారం దాదాపు 5.9 కిలోవాట్లు. చిన్న యంత్రాల్లో సగానికి కాస్త ఎక్కువే చేతికొస్తుంది కాబట్టి 3 కిలోవాట్ల పైన. 30 గడపల గూడెంలో ఇంటికి 100 వాట్లు. రెండు మూడు బల్బులు, ఫ్యాను, ఫోన్ ఛార్జింగ్. రాత్రీ పగలూ తేడా లేకుండా, ముసురులో మరింత జోరుగా. రోజుకు 70 యూనిట్ల పైమాటే. డాబా మీద చినుకు పలక ఏడాదికి ఒక్క యూనిట్ కూడా ఇవ్వలేదని గుర్తు చేసుకుంటే తేడా తెలుస్తుంది. కొరాపుట్ జిల్లాలోని పుట్‌సిల్ అనే ఆదివాసీ గ్రామం 1990ల చివర్లోనే ఇలాంటి పథకం పెట్టుకుంది, గ్రామస్తులు శ్రమదానం చేసి కాలవ తవ్వుకున్నారు. 100 కిలోవాట్ల లోపు ఉన్నవాటిని ప్రభుత్వ లెక్కల్లో మైక్రో హైడెల్ అంటారు.

ఇలాంటివి ఎందుకు ఊరూరా లేవు? యంత్రం పెట్టడం కంటే నడపడం కష్టం. తొట్టిలో ఇసుక ఎవరు తీయాలి, బెల్టు తెగితే ఎవరు తేవాలి, నెలకు ఇంటికి ఎంత వసూలు చేయాలి, కట్టనివాణ్ని ఏం చేయాలి అన్నవి తేలకపోతే పథకం రెండో వానాకాలం చూడదు. ఆపైన ఊరికి మామూలు కరెంటు తీగ వచ్చిన రోజున అందరి మనసూ అటు పోతుంది, టర్బైన్ గదికి తాళం పడుతుంది. తుపానుకు స్తంభాలు కూలి పది రోజులు చీకటైనప్పుడు ఆ తాళం గుర్తొస్తుంది, కానీ అప్పటికి లోపల యంత్రం తుప్పు పట్టి ఉంటుంది. ఎండాకాలం ఇంకో ఇబ్బంది. చైత్ర వైశాఖాల్లో చాలా గెడ్డలు సన్నబడతాయి. అయితే సోలార్‌కు అవే మంచి రోజులు. ఎండలో పలక, వానలో గెడ్డ అన్నట్టు రెండూ కలిపి పెడితే ఒకటి నీరసపడ్డప్పుడు రెండోది ఆదుకుంటుంది. చినుకు పలక నుంచి ఆశించి దొరకని తోడు ఇక్కడ నిజంగా దొరుకుతుంది.

కొండ కింద పట్టణాల సంగతేమిటి? రాయగడలో, పర్లాకిమిడిలో, జయపురంలో గెడ్డ లేని వీధులే ఎక్కువ. డాబా నుంచి దిగే గొట్టంలో చిన్న టర్బైన్ పెడితే ఎలా ఉంటుందని కొందరు అడుగుతారు. 100 చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి లక్షా యాభై వేల లీటర్లు పడతాయి, ఆరు మీటర్లు దిగుతాయి. మొత్తం శక్తి రెండున్నర యూనిట్లు, చేతికొచ్చేది ఒకటీ ఒకటిన్నర. టర్బైన్ ఖర్చు ఎన్ని తరాలకు తిరిగొస్తుందో లెక్క వేయడం అనవసరం.

అవే నీళ్లను ఇంకో వైపు నుంచి చూడాలి. 50 మీటర్ల లోతు బోరు నుంచి లక్షా యాభై వేల లీటర్లు పైకి తోడాలంటే ఒట్టి లెక్క ప్రకారమే 20 యూనిట్లు కావాలి. మామూలు ఇంటి మోటారు నలభై శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకుంటే 50 యూనిట్లు. వాన నీళ్లన్నీ సంపులో పట్టవు, నిజమే. వచ్చినదాంట్లో మూడో వంతు పట్టి వాడుకున్నా 16 యూనిట్లకు పైగా మోటారు తిరగడం తప్పుతుంది. అంటే డాబా నీళ్లతో కరెంటు పుట్టించాలని చూస్తే ఒక యూనిట్, అవే నీళ్లు నిలబెట్టుకుంటే పదహారు. మిగిలినది ఇంకుడు గుంతలోకి వదిలితే బోరులో మట్టం ఎంత పైకి వస్తే మోటారు అంత తక్కువ ఎత్తుకు తోడుతుంది. పట్టణంలో వాన కరెంటు ఉన్నది సంపులో. వాన చేసే ఇంకో మేలు కూడా ఉంది. దామన్‌జోడి, రాయగడ దారుల్లో డాబాల మీద పేరుకునే ఎర్ర దుమ్మును ఒక మంచి జల్లు కడిగేసిన మర్నాడు, ఎండ కాస్తే, సోలార్ మీటరు చురుగ్గా తిరుగుతుంది.

గెడ్డ ఉన్న ఊళ్లో కొలత వేయడానికి ఇంజినీరు వచ్చేదాకా ఆగక్కర్లేదు. నీళ్లన్నీ ఒకచోట దూకేలా రెండు రాళ్లు, ఒక అరటి డొప్ప అడ్డం పెట్టి కింద 20 లీటర్ల బకెట్ పెట్టాలి. ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి ఎన్ని సెకన్లకు నిండిందో చూడాలి. రెండు సెకన్లకు నిండితే సెకనుకు 10 లీటర్లు. బకెట్ చాలకపోతే డ్రమ్ము. ఎత్తు కొలవడానికి మేస్త్రీ వాడే లెవెల్ పైపు, అదే నీళ్లు నింపిన పారదర్శకమైన గొట్టం, చాలు. పై నుంచి కిందికి ఒక్కో నిలువెత్తు చొప్పున దిగుతూ, ఎన్ని నిలువులు దిగారో నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకోవాలి. సెకనుకు పారే లీటర్లను దిగిన మీటర్లతో హెచ్చవేసి, దాన్ని అయిదుతో హెచ్చవేస్తే సుమారుగా ఎన్ని వాట్లు చేతికొస్తాయో తెలుస్తుంది. 10 లీటర్లు, 20 మీటర్లు అయితే వెయ్యి వాట్లు. ఈ కొలత శ్రావణంలో గెడ్డ పొంగుతున్నప్పుడు వేస్తే అంకె చూడముచ్చటగా ఉంటుంది కానీ మోసం చేస్తుంది. సంక్రాంతి వెళ్లాక ఒకసారి, ఉగాది దాటాక ఒకసారి వేసి, ఆ రెండో అంకెను చూసి యంత్రం ఎంత పెద్దది కావాలో తేల్చుకోవాలి.